బల్ల మీద మిగిలిన పుస్తకాలు

మా గ్రంథాలయంలో చదువు అనేది సాయంత్రం తలుపులు మూసే వేళకు మాత్రమే జరుగుతుంది. అంతకుముందు ఎవరు ఏం చదివినా చదివినట్టు కాదు. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదు, యాప్‌లో పడితేగానీ చదువు కాదు. మూసేముందు నేను కింద రిఫరెన్స్ హాల్లోకి దిగి, బల్లలన్నీ పడేలా ఫోన్‌తో ఒక ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. బల్లల మీద ఎన్ని పుస్తకాలు పడున్నాయో యాపే లెక్కపెట్టుకుంటుంది. ఆ రోజు జనం అన్ని పుస్తకాలు చదివినట్టు.

ఇందులో బొత్తిగా తర్కం లేదని నేననను. రిఫరెన్స్ హాల్లో పుస్తకాలు ఇంటికివ్వం. నిఘంటువులు, అట్లాసులు, రెండు చేతులా ఎత్తాల్సిన వైద్య గ్రంథాలు, మోటార్ల రిపేరు పుస్తకాలు, అన్నీ అక్కడే కూర్చుని చూసుకోవాలి. ఇంటికి తీసుకెళ్ళే పుస్తకానికైతే కంప్యూటర్లో ఎంట్రీ పడుతుంది. అక్కడే చదివి లేచిపోయేవాళ్ళ జాడ ఎక్కడా ఉండదు. అందుకని మా వృత్తిలో పాతకాలం నుంచీ ఒక పద్ధతుంది. "చదివిన పుస్తకాన్ని బల్ల మీదే వదిలేయండి, దయచేసి అరలో పెట్టకండి" అని బోర్డు పెడతాం. వదిలేసినవాటిని మేం లెక్కపెట్టుకుని మేమే సర్దుకుంటాం. పాఠకులు సర్దితే ఎక్కడ పెట్టారో వాళ్ళకే గుర్తుండదు. తప్పు చోట పెట్టిన పుస్తకం కన్నా పోయిన పుస్తకం నయం. పోయిందని తెలిస్తే ఇంకోటి కొనొచ్చు. ఇది ఉన్నట్టే ఉంటుంది, అవసరానికి మాత్రం దొరకదు, మా ఆయనలాగా.

ఆ బోర్డు ఇప్పటికీ హాల్లోనే ఉంది. కాకపోతే దాని ముందు గోడంత తెర బిగించారు. ఆ తెర మీద "చదువు ఒక అనుభూతి" అన్న అక్షరాలు పొద్దస్తమానం ఎగిరొచ్చి, గిరగిరా తిరిగి, మాయమైపోతుంటాయి. జనాన్ని చదివించడం కోసం, జనం చదవాల్సిన ఒకే ఒక్క బోర్డును మూసేశారన్నమాట. నేను చెప్పాను. బోర్డు పాతకాలంగా ఉంది మేడమ్ అన్నారు మా కొత్త అధికారి.

తెర పెట్టించింది ఆయనే. కౌంటర్లో ఉండే క్లర్కూ నేనూ ఆయన్ని వెనకాల డాష్‌బోర్డ్ గారు అంటాం. ఆయన మా గ్రంథాలయంలో పుస్తకం తెరవగా చూసిన పుణ్యాత్ములు లేరు. ఫోన్ మాత్రం తెరుస్తారు. అందులో డాష్‌బోర్డ్ అనే పటం మీద ఆయన కింద ఉన్న గ్రంథాలయాలన్నీ చుక్కలుగా కనిపిస్తాయి. జనం చదివేది పచ్చ చుక్క, అంతంతమాత్రం చదివేది పసుపు, చదవనిది ఎరుపు. మాది ఎరుపు.

"మేడమ్, మీ రిఫరెన్స్ హాలు వాడకం రోజూ సున్నా. సున్నా అంటే ఏంటి?" అని అడిగారు ఒకరోజు.

"ఎవరూ చదవట్లేదని సార్."

"కదా! అందుకే అక్కడ అనుభూతి కేంద్రం పెడదాం. సోఫాలు, కాఫీ మెషీను, ఇంకో నాలుగు తెరలు. పుస్తకాలు గోడౌన్‌కి పంపేద్దాం. ముందు మూడు నెలలు చూస్తా. చుక్క రంగు మారకపోతే హాలు మూసేసి అదే పెట్టడం."

పొమ్మనలేక పొగబెట్టడం పాత పద్ధతి. ఇప్పుడు రంగు వేస్తే చాలు. కాదని వాదిద్దామంటే నా దగ్గర ఏముంది? ఆ సున్నాలన్నీ నా ఫోన్లోంచి వెళ్ళినవే. ఏ సాయంత్రం దిగినా బల్లలు అద్దాల్లా మెరుస్తూ ఉండేవి. ఒక్క పుస్తకం ఉండేది కాదు. మెట్ల మీదే నాకు ఒళ్ళు మండేది. కుర్చీల నిండా జనం ఉన్నారని క్లర్కు చెబుతాడు, మరి వీళ్ళంతా ఫ్యాను గాలికీ చల్లటి మంచినీళ్ళకీ వస్తున్నారా అని లోలోపల తిట్టుకునేదాన్ని. ఇలాంటి జనానికి సోఫాలే కరెక్టు అని కూడా అనుకున్నాను.

పగలంతా హాల్లో నువ్వేం చేస్తున్నావమ్మా అని మీరడగొచ్చు. నేను హాల్లో ఉండను. మా అటెండరు రిటైరయ్యాడు, ఆయనతోపాటు ఆయన పోస్టు కూడా రిటైరయింది. పుస్తకాలు సర్దే అమ్మాయికి బదిలీ అయింది, ఆమె చోటు ఇంకా ఖాళీయే. నేను పై గదిలో కూర్చుని పాత పుస్తకాలన్నిటికీ కొత్త బార్‌కోడ్లు అంటించాలి. ఆ పని పూర్తయితే గ్రంథాలయం ఆధునికమవుతుందట. కింద పుస్తకం అందించే మనిషి లేకుండా, పైన ఆ పుస్తకానికి చారలు గీస్తున్న మనిషిని నేను. జీతం తీసుకుంటున్నాను కాబట్టి గీస్తున్నాను.

ఇక మా అత్తయ్య సంగతి చెప్పాలి.

అత్తయ్య ఆపరేషన్ థియేటర్లో నర్సు. ముప్పై ఏళ్ళ పైచిలుకు కత్తులూ కత్తెరలూ డాక్టర్ల చేతికి అందించింది. థియేటర్లో ఒక నియమం ఉంటుందట. కుట్లు వేసేముందు పనిముట్లన్నీ, గుడ్డముక్కలన్నీ లెక్క చూడాలి. పళ్ళెంలో ఒకటి తక్కువైందంటే అది రోగి కడుపులో ఉన్నట్టు. అత్తయ్య "కౌంట్ సరి" అనేదాకా ఎంత గొప్ప డాక్టరైనా సూది పట్టుకోడానికి వీల్లేదు. ఆ రెండు మాటలూ చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆవిడ మెడ నిటారుగా లేస్తుంది. తర్వాత కుడిచేతికి వణుకొచ్చింది. వణికే చేత్తో కత్తి అందించకూడదని, ఎవరూ అనకముందే తనే మానేసి ఇంటికొచ్చింది.

ఇంటికొచ్చి ఊరుకుందా, మా వంటింటిని థియేటర్ చేసింది. గ్యాస్ లైటర్ వాడి అరక్షణం గట్టు మీద పెడితే చాలు, తిరిగి చూసేసరికి దాని కొక్కేనికి వేలాడుతుంటుంది. పుస్తకాలకు నంబర్లు వేసే మా వర్గీకరణలో ఆచారాలన్నీ మూడువందల తొంభైల్లో ఉంటాయి. పెళ్ళిదీ అక్కడే. యుద్ధశాస్త్రం మూడువందల యాభైల్లో. పెళ్ళినీ యుద్ధాన్నీ ఒకే వందలో సర్దిన మహానుభావుడెవరో గానీ, అత్తాకోడళ్ళున్న ఇంట్లో కొన్నాళ్ళు గడిపినవాడే అయి ఉంటాడు. అయితే మాది పెద్ద యుద్ధమేమీ కాదు. ఆవిడ సర్దుతుంది, నేను సణుగుతాను, మా ఆయన టీవీ శబ్దం పెంచుతాడు.

ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేనని రోజూ నాతో గ్రంథాలయానికి వచ్చేది. నేను పైకి పోయేదాన్ని, తను కింద హాల్లో ఉండేది, సాయంత్రం ఒకే బస్సులో ఇంటికి. "ఇవాళేం చదివారు అత్తయ్యా?" అని అడిగితే, "నాకు చదువేంటే, ఊరికే కూర్చున్నా," అనేది. నేను నమ్మాను. ఊరికే కూర్చోవడం అన్నది ఆవిడ ఒంట్లోనే లేదని, పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాకు తట్టలేదు.

ఒకరోజు మధ్యాహ్నం పై గదిలో కరెంటు పోయింది. ఫ్యూజు సంగతి చూడమని ఎవరినైనా అడుగుదామని దిగుతూ, మెట్ల మలుపులో ఆగిపోయాను.

హాలు నిండుగా ఉంది. కరెంటు మేస్త్రీ ఒకాయన కిటికీ పక్కన కూర్చుని మోటార్లకు తీగ చుట్టే పుస్తకం చూస్తున్నాడు. పరీక్షలకు చదువుకునే పిల్లలు గుంపుగా నిఘంటువుల మీద పడి ఉన్నారు. ఎవరో పెద్దాయన అట్లాసులో ముక్కు పెట్టి ఏదో దీవిని వెతుకుతున్నాడు. వాళ్ళ మధ్య మా అత్తయ్య, నడుముకు కొంగు బిగించి, అటూ ఇటూ తిరుగుతోంది. మేస్త్రీ పుస్తకం మూశాడో లేదో ఆవిడ అరచెయ్యి చాపి పక్కన నిలబడింది. ఆయన తలెత్తి చూడను కూడా చూడకుండా పుస్తకాన్ని ఆ చేతిలో పెట్టాడు. ఒకప్పుడు అందించిన చెయ్యి ఇప్పుడు అందుకుంటోంది. వెన్ను మీది నంబరు చూసింది, అర దగ్గరికి నడిచింది, సరిగ్గా దాని చోట్లో దూర్చింది. వచ్చి బల్ల తుడిచింది.

తప్పు చోట పెట్టి ఉంటే కేకలేయడానికైనా వీలుండేది. అన్నీ ఒప్పు చోటే. ఒకటి మాత్రం గమనించాను. పుస్తకాన్ని అరలోకి దూర్చేటప్పుడు ఆ కుడిచెయ్యి వణకడం లేదు.

నేను ఫ్యూజు సంగతి మర్చిపోయి చీకటి గదిలోకే తిరిగి వెళ్ళి కూర్చున్నాను. చదవని జనమని నేను ఇన్నాళ్ళూ తిట్టిన జనం చక్కగా చదువుతున్నారు. చదివిన ప్రతి పుస్తకాన్నీ మా అత్తయ్య శుభ్రంగా తుడిచిపెట్టేస్తోంది. హాలు ప్రాణం తీస్తున్నది డాష్‌బోర్డ్ గారు కాదు, మా ఇంటి శుభ్రత. ఆవిడతో చెప్పాలి. చెబితే ఆవిడ చెయ్యి మళ్ళీ వణుకుతుంది. చెప్పకపోతే హాలు పోతుంది, అప్పుడైనా వణుకుతుంది. మింగలేక కక్కలేక నాలుగైదు రోజులు తిరిగాను. సున్నాల ఫొటోలు పంపుతూనే ఉన్నాను.

చివరికి చెప్పడం కూడా నాకు చేతనైనట్టే చెప్పాను. వంటింట్లో లైటర్ గట్టు మీద పెట్టాను, అత్తయ్య తీసి కొక్కేనికి తగిలించింది.

"వాడింది వాడిన చోట వదిలేస్తే ఎలాగే అమ్మాయ్?"

"మీరు వదలకపోబట్టే అక్కడ హాలు మూసేస్తున్నారు!"

నోరు జారాక ఇక దాచేదేముంది. ఫొటో, యాప్, ఎర్రచుక్క, తెర వెనక బోర్డు, గోడౌన్, అన్నీ చెప్పేశాను. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి చివరిదాకా విన్నది.

"అంటే, బల్ల మీద ఏమీ మిగలకపోతే అక్కడ తప్పన్నమాట."

"తప్పే అత్తయ్యా."

"మా దగ్గర మిగిలితే తప్పు."

"అది థియేటరు అత్తయ్యా, ఇది లైబ్రరీ."

"ఇన్నాళ్ళూ నీకు సాయం చేస్తున్నాననుకున్నానే."

"మీరు మామూలుగా రండి, ఊరికే కూర్చోండి చాలు," అన్నాను.

"చేతులు కట్టుకుని కూర్చోడానికైతే ఇంట్లో కుర్చీ లేదా? నేను రాకపోతే సరిపోతుందిలే."

మర్నాటి నుంచి రావడం మానేసింది. ఇంట్లో ఉండి మా అలమరాలన్నీ మూడుసార్లు తిరగసర్దింది. మా ఆయన మేజోళ్ళు దొరక్క రెండు రోజులు చెప్పులతో ఆఫీసుకెళ్ళాడు. ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి కింద గాజుగ్లాసు ముక్కలున్నాయి. నన్ను చూసి కుడిచేతిని వెనక్కి దాచుకుంది, తప్పు చేసిన చిన్నపిల్లలా. నేను చీపురు తెచ్చుకునే నెపంతో పక్క గదిలోకెళ్ళి ఏడ్చాను.

హాలు మాత్రం దివ్యంగా వెలిగిపోయింది. అత్తయ్య లేని మొదటి సాయంత్రమే బల్లల మీద పుస్తకాలు గుట్టలుగా పడున్నాయి. ఫొటో తీసి పంపాను. చుక్క పసుపయింది. రెండో వారానికల్లా పచ్చబడింది. డాష్‌బోర్డ్ గారు ఫోన్ చేసి మరీ, "చూశారా, తెర పెట్టాక మూణ్ణెల్లలో ఎంత మార్పో!" అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి నాలుగో కాలు చూపించేదెవరు? నేను చూపించలేదు.

అసలు విశేషం ఆ తర్వాత మొదలైంది. బల్ల మీద పుస్తకాలు మిగులుతున్నాయి సరే, వాటిని తిరిగి సర్దేదెవరు? మనిషి లేడు. నేను చేతనైనంత సర్దాను. కానీ బార్‌కోడ్లు వెనకబడుతున్నాయని పైనుంచి ఒత్తిడి. దాంతో నిన్నటి పుస్తకాలు ఇవాళా బల్ల మీదే, ఇవాళ్టివి రేపూ అక్కడే. యాప్ పాపం అమాయకురాలు. కదలకుండా పడున్న అవే పుస్తకాలను రోజూ కొత్తగా లెక్కపెట్టుకుంటోంది. బల్లల మీద చోటు లేక చదివేవాళ్ళు ఒళ్ళో పెట్టుకుని చదివారు. అరల్లో వెతికింది దొరక్క కొందరు రావడమే మానేశారు. పరీక్ష పిల్లలు వేరే చోటు చూసుకున్నారు. దీవి పెద్దాయన మళ్ళీ కనబడలేదు. చదివేవాళ్ళు తగ్గేకొద్దీ మా చదువు పెరిగింది. చివరికి హాల్లో మనిషనేవాడు దాదాపు లేని వారంలో మా చుక్క అందరికన్నా పచ్చగా ఉందని డాష్‌బోర్డ్ గారు "ఉత్తమ పఠన మందిరం" షీల్డు ప్రకటించారు.

షీల్డు ఇచ్చే ముందురోజు కరెంటు మేస్త్రీ నన్ను పట్టుకున్నాడు.

"మేడమ్, ఆ మోటార్ల పుస్తకం వారం నుంచీ దొరకట్లేదు. ఒక పెద్ద మోటారు విప్పి పెట్టుకున్నాను, తీగ ఎన్ని చుట్లో చూసుకుంటే తప్ప బిగించలేను. అవతల వాళ్ళు నీళ్ళు లేక గోల పెడుతున్నారు. సిస్టరమ్మ ఎప్పుడొస్తారు?"

సిస్టరమ్మ అంటే మా అత్తయ్య. హాల్లో ఆవిడకు ఒక పేరు కూడా ఉందని అప్పుడే తెలిసింది. ఆ పుస్తకం ఉండాల్సిన అర నాకు తెలుసు, వెళ్ళి చూశాను, అక్కడ చోటు ఖాళీగా ఉంది. ఇంటికెళ్ళి అత్తయ్యతో ఈ మాట అన్నాను, అంతే. పళ్ళెంలో లేదా, అయితే కడుపులో ఉండిపోయిందే అని, మర్నాడు నాకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

మేం వెళ్ళేసరికి హాలు పెళ్ళిపందిరిలా ఉంది. డాష్‌బోర్డ్ గారు ఎవరో అలంకరణవాళ్ళను పిలిపించారు. వాళ్ళు బల్లల మీది పుస్తకాలన్నిటినీ తెరిచి, అందంగా ఒకదాని మీద ఒకటి వాల్చి, మధ్యలో లావు పుస్తకాలు నాలుగు పేర్చి, ఆ పైన షీల్డు నిలబెట్టారు. కాసేపట్లో విభాగం పెద్దగారు వస్తున్నారు. మేస్త్రీ ఒక మూల నిలబడి ఉన్నాడు. పరీక్ష పిల్లలు కొందరు ఫలహారం పెడతారని వచ్చినట్టున్నారు.

అత్తయ్య గుమ్మంలో ఆగి హాలంతా ఒకసారి చూసింది. పొట్ట కోసి కుట్లు వేయకుండా వదిలేసిన రోగిని చూసినట్టు చూసింది. తర్వాత నేరుగా షీల్డు దగ్గరికి నడిచింది. షీల్డు కింద అన్నిటికన్నా అడుగున, మేస్త్రీ మోటార్ల పుస్తకం ఉంది. ఆవిడ చెయ్యి చాచింది. చెయ్యి బాగా వణుకుతోంది.

అధికారి వెంట వచ్చిన కుర్రాడొకడు పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, అమ్మా! డేటా ముట్టుకోకండి!"

అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకుంది. నా వైపు చూసింది. కోపంగా కాదు, "నీకు ఇబ్బందవుతుందేమో, వద్దులే" అన్నట్టు. ఆ చూపుకు నాకు ఇన్నాళ్ళ కోపం ఒక్కసారి నెత్తికెక్కింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను. ఆ తెర మీద, ఆ చుక్క మీద, దాన్ని పచ్చబరచడానికి ఈ మనిషిని ఇంట్లో కూర్చోబెట్టిన నా మీద కూడా.

షీల్డు ఎత్తి కుర్రాడి చేతిలో పెట్టాను. కింది పుస్తకం లాగి మేస్త్రీకిచ్చాను.

"అత్తయ్యా, సర్దుదాం రండి," అన్నాను.

"మరి నీ లెక్క?"

"సున్నా వస్తుంది. రానివ్వండి."

కొంగు బిగించింది. పరీక్ష పిల్లలు ఎవరూ చెప్పకుండానే పుస్తకాలు మూసి అందించడం మొదలుపెట్టారు. ఆవిడ అరచెయ్యి చాపడం, నంబరు చూడడం, దూర్చడం. పాత లయ వెంటనే దొరికింది. డాష్‌బోర్డ్ గారు వచ్చేసరికి సగం బల్లలు ఖాళీ.

"మేడమ్! ఏంటిది? ఇవాళ ఫొటో ఎలా? సున్నా పడితే హాలు ఉండదు, తెలుసుగా!" అని పళ్ళ మధ్యనుంచి అన్నారు.

"తెలుసు సార్. అలా ఉంటే మాత్రం ఉన్నట్టా?"

ఇంకేదో అనబోయారు గానీ ఈలోగా పెద్దగారి కారు వచ్చేసింది. పెద్దగారు లోపలికొచ్చి, ఖాళీ బల్లలనూ, వరసగా నిండిన అరలనూ చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

"అబ్బ, అద్దంలా ఉందయ్యా! నేను తిరిగిన లైబ్రరీలన్నీ చిందరవందర. ఉంటే ఇలా ఉండాలి."

డాష్‌బోర్డ్ గారి ముఖం ఒక్కక్షణం పాలిపోయింది. రెండో క్షణంలో, "అదే సార్ మా కొత్త విధానం," అన్నారు. నేను ఆయన్ని ఎన్నైనా అంటాను గానీ, ఆ ఒక్క క్షణంలో మలుపు తిరిగిన వేగానికి మాత్రం దణ్ణం పెట్టాలి.

వారం తిరక్కుండా కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట బల్ల మీద పుస్తకం కనబడితే ఎరుపు, ఏమీ లేకపోతే పచ్చ. అదే ఫొటో, అదే యాప్, రంగులే తారుమారు. ఉత్తర్వు అన్ని గ్రంథాలయాలకూ వెళ్ళింది. బల్లలు ఖాళీగా ఉండాలంటే అన్నిటికన్నా సులువైన దారి ఏదో మిగతా శాఖలవాళ్ళకు వెంటనే అర్థమైంది. ఒక శాఖలో అరలకు తాళాలు వేశారని విన్నాను. వాళ్ళ చుక్క నిగనిగలాడుతోందట. షీల్డు వచ్చిన హాలును మూస్తే షీల్డుతో దిగిన తన ఫొటోకే మచ్చ కాబట్టి, మా హాలు జోలికి డాష్‌బోర్డ్ గారు ఇంక రాలేదు. అనుభూతి కేంద్రానికని కొన్న సోఫాలు పై గదికి వచ్చాయి. వాటి మీద కూర్చుని బార్‌కోడ్లు అంటిస్తున్నాను, నడుముకు హాయిగా ఉంది.

అత్తయ్య మళ్ళీ రోజూ వస్తోంది. పరీక్ష పిల్లలు తిరిగొచ్చారు. మేస్త్రీ మోటారు బిగించానని చెప్పిపోయాడు, తర్వాత ఇంకో పుస్తకం పట్టుకున్నాడు. ఒకప్పుడు హాలుకు ముప్పు తెచ్చిన సున్నాయే ఇప్పుడు దాన్ని కాపాడుతోంది. ఆ సున్నా మాత్రం మారలేదు, అత్తయ్యా మారలేదు.

మారలేదనే అనుకున్నాను. నిన్న సాయంత్రం మూసేవేళకు దిగాను. అందరూ వెళ్ళిపోయారు. నేను ఫోన్ చేత్తో పట్టుకుని, రోజూలాగే, "కౌంట్ సరేనా అత్తయ్యా?" అన్నాను.

కిటికీ పక్క బల్ల దగ్గర ఆవిడ కూర్చుని ఉంది. ఎదురుగా శరీర నిర్మాణ పటాల పుస్తకం, రెండు చేతులా ఎత్తాల్సింది, తెరిచి ఉంది. పేజీ నిండా మనిషి పొట్ట లోపలి భాగాలు రంగుల్లో. వేలితో ఒక్కో నరాన్నీ వెతుక్కుంటూ పోతోంది.

"మీరు చదువుతున్నారా!"

"ఇన్నేళ్ళూ పక్కనే నిలబడ్డానా, కళ్ళు ఎప్పుడూ పళ్ళెం మీదే. లోపలికి చూసే తీరికేదే?" అంది తలెత్తకుండా. "ఎంత బాగుందో చూడు."

చూశాను. తర్వాత గడియారం చూసి, "టైమైంది అత్తయ్యా. దీన్ని అరలో పెట్టేయనా?" అన్నాను.

లేచింది. పుస్తకం మూయలేదు. కళ్ళజోడు తీసి ఆ పేజీ మీదే పెట్టింది.

"ఇంకా అవలేదుగా. అలాగే ఉండనీ, రేపొచ్చి చూస్తా."

నేను వెనక్కి జరిగి బల్లలన్నీ పడేలా ఫొటో తీశాను. ఖాళీ బల్లల మధ్య ఒక తెరిచిన పుస్తకం, దాని మీద ఒక కళ్ళజోడు. యాప్‌లో పెట్టాను. చుక్క ఎర్రబడింది. లైటు ఆర్పి, అత్తయ్య చెయ్యి పట్టుకుని బయటి మెట్లు దిగాను.